నొప్పి లేని చిగురు పొక్కులో చీము ఉంటుందా?

బొబ్బిలి బాబు:

అందరికీ నమస్తే. మా అమ్మ గురించి అడుగుతున్నాను. వయసు 61. బొబ్బిలిలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మకి షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటోంది. కింద కుడివైపు దవడ పన్నుకి చాలా ఏళ్ల క్రితం రూట్ కెనాల్ (లోపలి నరం తీసేసి నింపడం) చేయించి క్యాప్ వేయించాం.

దసరాకి ఊరెళ్లినప్పుడు అమ్మ అద్దం ముందు నిలబడి పెదవి లాగి ఏదో నొక్కుకుంటోంది. ఏంటని చూస్తే ఆ క్యాప్ పన్ను దగ్గర చిగురు మీద చిన్న పొక్కు, మధ్యలో తెల్లటి చుక్క. నొక్కితే ఉప్పగా ఏదో వస్తుందట, పుక్కిలించి ఉమ్మేస్తుందట. కొన్నాళ్లు మాయమై మళ్లీ లేస్తుందట. ఎప్పటి నుంచమ్మా అంటే "సంక్రాంతి నుంచేమోరా" అంది, పాలవాడు ఎప్పుడొచ్చాడో చెప్పినంత తేలిగ్గా.

నొప్పి మాత్రం అస్సలు లేదు. ఆ వైపుతోనే జంతికలు నములుతోంది. జ్వరం లేదు, బుగ్గ వాపు లేదు.

నా అనుమానం ఏంటంటే, చీము పడితే నొప్పితో గిలగిల్లాడాలి కదా? నాకు కాలేజీలో ఉండగా పై పన్నుకి చీము పట్టింది. తల దిండు మీద పెట్టలేక రాత్రంతా హాస్టల్ వరండాలో తిరిగాను. అమ్మకేమో చీమ కుట్టినంత కూడా లేదు. అంటే ఇది చీముగడ్డ కాదనుకోవచ్చా? డాక్టర్ దగ్గరికి రమ్మంటే అమ్మ రెండే మాటలు: "నొప్పి లేనిదాన్ని కెలుక్కోవడం ఎందుకు", "పంటి డాక్టర్ దగ్గరికి ఒక పన్నుకని వెళ్తే నాలుగు పళ్లకి లెక్క చెబుతారు". మా పిన్నేమో వాకుడు గింజల పొగ పట్టిస్తే పురుగులు రాలిపోతాయంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత మాస్టారు:

నొప్పి లేకపోతే భయపడవలసిన పని లేదు నాయనా. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించమను. లవంగ నూనె దూదితో అద్దమను. నాకూ ఇలాగే చిగురు మీద పొక్కు వచ్చి దానంతట అదే పోయింది. ఈ రోజుల్లో ప్రతిదానికీ ఎక్స్‌రేలే.

కొత్తిమీర కట్ట:

మాస్టారు గారూ, ఆ పోయింది అన్న మాటే మమ్మల్ని తిప్పలు పెట్టిందండి.

మావారికి గడ్డం కింద, సరిగ్గా మధ్యలో, ఒక కురుపు లేచింది. షేవింగ్ చేసుకుంటే తెగి రక్తం, కొంచెం రసి. ఆయింట్‌మెంట్ రాస్తే ఎండి పొక్కు కట్టేది, మళ్లీ లేచేది. చర్మం డాక్టర్ దగ్గర మందులు వాడాం, ఒకసారి కోసి శుభ్రం కూడా చేశారు. మళ్లీ అక్కడే వచ్చింది. పంటి నొప్పా, ఆయనకి జన్మలో తెలియదు. పుచ్చు పన్ను ఒక్కటీ లేదని గొప్పలు కూడా.

చివరికి ఒక చర్మం డాక్టరే, ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి, నోరు తెరవమని కింద ముందు పళ్లు చూశారు. ఒక పన్ను మిగతావాటి కంటే కాస్త బూడిద రంగులో ఉంది. "ఎప్పుడైనా దెబ్బ తగిలిందా" అని అడిగితే మావారు ఆలోచించి, ఇంటర్‌లో క్రికెట్ బంతి తగిలిందన్నారు. అప్పుడు పెదవి చిట్లిందే తప్ప పన్ను విరగలేదు. ఆ దెబ్బకి లోపల నరం చచ్చిపోయి, ఇన్నేళ్లకి వేరు కొసన చీము చేరి, ఎముకలోంచి దారి చేసుకుని గడ్డం చర్మం మీదకి వచ్చిందట. ఆ పన్నుకి రూట్ కెనాల్ చేశాక కురుపు దానంతట అది మూసుకుపోయింది. చిన్న గుంట మచ్చ మిగిలింది. నొప్పి మొదటి నుంచి చివరి దాకా లేదు.

చిగురాకు:

నేను విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో పంటి డాక్టర్ని. బాబు గారూ, చీము ఉంటే నొప్పి ఉండి తీరాలని రూలేమీ లేదు. మీ అమ్మగారి పొక్కు, అలా వచ్చి పోవడం, ఉప్పటి రసి, ఇవన్నీ వింటే చూడకుండానే అనుమానించదగ్గది పాత చీము. చూడకుండా ఖాయంగా చెప్పను.

నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే ఎందుకు రాదో తెలుస్తుంది. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం చుట్టూ గట్టి గోడలు. వాపొస్తే సాగడానికి చోటుండదు. అందుకే పడుకోగానే పోటు, చల్లనీళ్లకి జివ్వుమనడం. కొన్నాళ్లకి ఆ నరం చచ్చిపోతుంది. నొప్పి పోతుంది. మనవాళ్లు సరిగ్గా ఇక్కడే అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకుంటారు. ఫోన్ చేసి "తగ్గిపోయిందండీ" అని సంతోషంగా చెబుతారు కూడా.

చచ్చిన నరంలో చేరిన సూక్ష్మజీవులు వేరు కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి దవడ ఎముకలోకి దిగుతాయి. అక్కడ చీము గబగబా చేరితే ఎముకలో ఒత్తిడి పెరిగి, పన్ను పైకి లేచినట్టుంటుంది, కింది పన్ను తగిలినా ప్రాణం పోతుంది. మీకు హాస్టల్లో జరిగింది ఇదే. అదే చీము నెమ్మదిగా చేరి, ఎముక పలచగా ఉన్న వైపు దారి చేసుకుని చిగురులోంచి బయటికి వస్తోందనుకోండి, ఒత్తిడి లేదు కాబట్టి నొప్పీ లేదు. మీ అమ్మగారు అద్దంలో చూసే పొక్కు ఆ దారికి మూతి. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పడుతున్నాయంటే కింద మోటార్ ఇంకా ఆడుతోందనే కదా, ఇదీ అంతే. నెలలు, ఏళ్లు అలా కారుతూ ఉండగలదు. ఏదో ఒకరోజు ఆ మూతి పూడుకుపోతే మాత్రం లోపలి చీముకి పోవడానికి చోటుండదు. అప్పుడు రాత్రికి రాత్రే బుగ్గ ఉబ్బుతుంది. అది ఏ శనివారం రాత్రో, పండగ రోజో జరుగుతుంది, నా అనుభవంలో ఎప్పుడూ అంతే.

చీము ఎటు పోతుందనేది వేరు ఎక్కడుందనే దాన్ని బట్టి ఉంటుంది. పై దవడ పళ్ల లోపలి వేర్ల నుంచి అంగిట్లోకి రావచ్చు. పై దవడ పళ్లు ముక్కు పక్కన ఉండే సైనస్‌కి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకే వైపు ముక్కులోంచి దుర్వాసనతో కారుతూ "సైనస్" అని ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లున్నారు. కింద ముందు పళ్ల నుంచి గడ్డం మీదకి, పైన కొత్తిమీర కట్ట గారు చెప్పినట్టు.

ఇంకో రకం ఉంది. పన్ను బాగానే ఉంటుంది, నరం బతికే ఉంటుంది, కానీ చిగురుకీ పన్నుకీ మధ్య సందులో గార పేరుకుని అక్కడ చీము పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మామూలే. దీని వైద్యం వేరు.

మీ అమ్మగారి పన్నుకి ముందే రూట్ కెనాల్ అయింది కాబట్టి నాకు మూడు అనుమానాలు. పాత రూట్ కెనాల్‌లో వేరు లోపలి సన్నటి కాలువ ఏదైనా శుభ్రం కాకుండా మిగిలిపోయి మళ్లీ ఇన్ఫెక్షన్ రావచ్చు, అప్పుడు విప్పి మళ్లీ చేస్తాం. వేరు నిలువునా చిట్లి ఉండవచ్చు, అప్పుడు పొక్కు సాధారణంగా చిగురు అంచుకి దగ్గరగా ఉంటుంది, ఆ ఒక్కచోట సన్నటి లోతైన సందు దొరుకుతుంది, పన్ను తీయక తప్పదు. మూడోది, అసలు దోషం ఆ పన్నుది కాకుండా పక్కదానిది కావచ్చు.

ఇది తేల్చడానికి చక్కటి పద్ధతి ఉంది. రూట్ కెనాల్ నింపడానికి వాడే గుట్టపెర్చా అనే గులాబీ రంగు సన్నటి మెత్తటి పుల్లని ఆ పొక్కు మూతిలోంచి మెల్లగా లోపలికి జార్చి ఎక్స్‌రే తీస్తాం. అది ఒక చెట్టు పాల నుంచి చేసేది, ఎక్స్‌రేలో తెల్లగా కనబడడానికి బేరియం లాంటివి కలుపుతారు. చీము ఏ దారిన వచ్చిందో పుల్ల అదే దారిన వెళ్లి ఆ వేరు దగ్గర ఆగుతుంది. పెద్ద నొప్పేమీ ఉండదు. ఉత్త ఎక్స్‌రే మీద మాత్రమే ఆధారపడితే మొదట్లో మోసపోతాం, ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ అందులో మచ్చ కనబడదు.

వాకుడు పొగ సంగతి. పంట్లో పురుగులు ఉండవు. రాలేవి గింజల్లోని తునకలు. పిన్నిగారితో వాదన పెట్టుకోకండి, మీరు గెలవలేరు. ఆ పొగ మాత్రం పట్టించకండి. మాస్టారు గారు చెప్పిన ఉప్పునీళ్లతో నష్టం లేదు, కాకపోతే అవి వేరు కొస దాకా వెళ్లవు. లవంగ నూనె చిగురు మీద ఎక్కువ పెడితే కాలుతుంది. ఆస్ప్రిన్ మాత్ర చిగురుకి ఆనించి పడుకుని, తెల్లగా పొర ఊడి వచ్చినవాళ్లని కూడా చూశాను.

మరో మాట, మీ అమ్మగారి విషయం కాకపోవచ్చు గానీ చదివేవాళ్ల కోసం. నోట్లో నొప్పి లేని ప్రతిదీ చీమూ కాదు. మా ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ల అంగిట్లో వచ్చే తెల్ల మచ్చలు, పుళ్లు మొదట్లో ఏ నొప్పీ పెట్టవు. రెండు వారాలైనా మానని పుండు, గట్టిగా తగిలే గడ్డ ఉంటే చూపించుకోవలసిందే, ముక్క తీసి పరీక్షకి పంపాల్సి రావచ్చు.

బొబ్బిలి బాబు:

మేడమ్, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. అమ్మకి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. చివరి పేరా దగ్గర మాత్రం నిశ్శబ్దం అయిపోయింది, మా అమ్మమ్మ అడ్డపొగ తాగేదట, నాకు ఇప్పుడే తెలిసింది.

అమ్మ మెత్తబడింది గానీ కొత్త బేరం పెట్టింది. మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకుని ఒక కోర్సు వాడితే సరిపోదా అంటోంది. ఇంకో టెన్షన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.9 వచ్చింది మొన్న, ఎక్కువే. గుండెకి ఎకోస్ప్రిన్, అదే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్ప్రిన్ మాత్ర, కూడా వేసుకుంటుంది. ఈ పరిస్థితిలో పన్ను ముట్టుకోవచ్చా?

మందుల కొట్టు:

ఇరవై ఏళ్ల నుంచి కౌంటర్లో కూర్చున్నవాడిగా నేను చెబుతాను. మా దగ్గరికి వచ్చి "పంటి నొప్పి సెట్టు ఇవ్వండి" అంటారు. సెట్టు అంటే ఒక అమాక్సిసిలిన్, ఒక మెట్రోనిడజోల్, ఒక డైక్లోఫెనాక్, ఒక గ్యాస్ మాత్ర. చీటీ లేకుండా ఆ మొదటి మూడూ ఇవ్వకూడదు, అవి షెడ్యూల్ హెచ్ మందులు. నేను ఇవ్వనంటే పక్క వీధికి వెళ్తారు, అది వేరే గొడవ. రెండు పూటలు వేసుకుని నొప్పి తగ్గగానే మిగతావి పర్సులో దాచుకుంటారు. ఆ నలిగిన స్ట్రిప్పు తీసి చూపించి "ఇదే ఇంకోటి" అని మళ్లీ వస్తారు. ప్రతిసారీ అదే దవడ పట్టుకుని వస్తారు. మెట్రోనిడజోల్ వేసుకుంటూ మందు కొట్టొద్దని చెబితే, మాత్ర మానేసినవాళ్లే ఎక్కువ.

నొప్పి లేనివాళ్లు సెట్టు అడగడం మాత్రం మీ అమ్మగారి దగ్గరే మొదట వింటున్నాను బాబూ.

చిగురాకు:

మందుల కొట్టు గారికి నమస్కారం. మీలాంటివాళ్లు ఇంకో పది మంది ఉంటే మాకు సగం పని తగ్గుతుంది.

బాబు గారూ, యాంటీబయాటిక్ రక్తంలో ప్రయాణిస్తుంది. చచ్చిన పన్ను లోపలికి రక్తమే వెళ్లదు. కాబట్టి మందు ఆ మురికి దాకా చేరదు. చుట్టుపక్కల వాపు తగ్గి, పొక్కు కొన్నాళ్లు మూసుకుపోయి, కోర్సు అయ్యాక మళ్లీ లేస్తుంది. పన్నుకి వెంటనే వైద్యం చేసే వీలున్నప్పుడు, ఒంట్లో జ్వరం, నలత లేనివాళ్లకి ఇలాంటి వాటికి యాంటీబయాటిక్ ఇవ్వొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాల్లోనే రాసింది. లోపల శుభ్రం చేయడమో, పన్ను తీయడమో, రెండింట్లో ఒకటి జరగాలి.

షుగర్ ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది, నోట్లో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ కూడా అదుపులోకి రావడానికి మొరాయిస్తుంది. కాబట్టి షుగర్ తగ్గాక వెళ్దాం అని ఏడాది కూర్చోవడం కుదరదు. షుగర్ డాక్టర్‌కి చెప్పండి, మందులు సర్దుతారు, ఇటు ఎక్స్‌రే, రూట్ కెనాల్ మొదలుపెట్టవచ్చు. పన్ను తీయాల్సి వస్తే ఆ రోజు షుగర్ ఎంతుందో చూసి నిర్ణయిస్తారు. ఉదయం పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్లాలి. ఖాళీ కడుపుతో వచ్చి కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు మాకు కొత్త కాదు.

ఎకోస్ప్రిన్ మీ అంతట మీరు ఆపకండి. ఒక పన్ను తీయడానికి సాధారణంగా ఆపనక్కర్లేదు, గట్టిగా ఒత్తి పట్టుకుంటే, అవసరమైతే కుట్టు వేస్తే రక్తం ఆగుతుంది. దానికంటే ముఖ్యంగా, ఎముకల బలానికని ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ గానీ, వారానికోసారి వేసుకునే మాత్ర గానీ ఆవిడ వాడుతున్నారేమో కనుక్కోండి. అవి వాడుతుంటే పన్ను తీసే ముందు డాక్టర్‌కి తప్పనిసరిగా తెలియాలి, తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంటుంది.

ఈలోగా పొక్కుని గోటితో గిల్లవద్దని చెప్పండి. బుగ్గ మీద బయట నుంచి వేడి కాపడం పెట్టొద్దు.

దవడ కింద మెడ వైపు గట్టిగా వాపు రావడం, నోరు రెండు వేళ్లంత కూడా తెరవలేకపోవడం, గుటక పడక చొంగ కారడం, గొంతు మారడం, కన్ను మూసుకుపోయేంత వాపు, చలిజ్వరం, వీటిలో ఏది కనబడినా నాలాంటి క్లినిక్కి కాదు, నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. కింద దవడ చివరి పళ్ల చీము నాలుక కిందికి, మెడలోకి దిగితే ఊపిరి ఆడదు. లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు 1836లో వర్ణించిన జబ్బు ఇది, ఆయన పేరుతోనే పిలుస్తాం. ఇప్పటికీ మనుషులు పోతున్నారు. గంటల్లో ముదురుతుంది కాబట్టి తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

నాలుగు పళ్లకి లెక్క చెబుతారన్న భయం గురించి: ఎక్స్‌రే స్క్రీన్ మీద చూపించమని అడగండి, ఏ పన్నుకి ఎందుకో చెప్పమనండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. రద్దీ ఉంటుంది, రెండు మూడుసార్లు తిరగాలి.

బొబ్బిలి బాబు:

అప్‌డేట్. అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చి చూపించాను. మీరు చెప్పిన గులాబీ పుల్ల పెట్టి ఎక్స్‌రే తీశారు. నేను పక్కనే నిలబడి స్క్రీన్ చూశాను. తెల్లటి గీత క్యాప్ పన్ను వైపు వెళ్తుందనుకుంటే, వంగి ముందున్న చిన్న దవడ పన్ను వేరు కొసకి వెళ్లి ఆగింది. ఎప్పుడో వెండి ఫిల్లింగ్ చేసిన పన్ను అది. చల్లటి స్ప్రే కొట్టిన దూది ఆనిస్తే పక్క పన్నుకి అమ్మ ఉలిక్కిపడింది, దీనికేమో "పెట్టారా?" అని అడిగింది. లోపల నరం ఎప్పుడో చచ్చిపోయిందన్నారు. క్యాప్ పన్నుకి ఏ లోపమూ లేదు.

రూట్ కెనాల్ మొదలుపెట్టారు, లోపల శుభ్రం చేసి మందు పెట్టి పంపారు. ఎముకల మందులేవీ అమ్మ వాడట్లేదు. బిల్లు ఒక్క పన్నుకే వేశారని అమ్మ కాస్త నిరాశపడినట్టు కూడా అనిపించింది, వాదించడానికి సిద్ధమై వెళ్లింది పాపం. పొక్కు ఎన్నాళ్లకి పోతుంది మేడమ్?

చిగురాకు:

లోపల శుభ్రం అయింది కాబట్టి చాలామందికి ఒకటి రెండు వారాల్లో చిగురు మూసుకుంటుంది. మూసుకోకపోతే పన్ను నింపే ముందే మీ డాక్టర్‌కి చెప్పండి, మందు మార్చి ఇంకొన్నాళ్లు ఆగుతారు. ఎముకలో మచ్చ మాత్రం అంత త్వరగా పోదు, నెలలు పడుతుంది. ఆరు నెలలకి, ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీసి పోల్చాలి. మొన్న తీసిన ఎక్స్‌రేని వాట్సాప్‌లో పంపమని అడిగి దాచుకోండి, అప్పటికి అమ్మగారు బొబ్బిలిలో ఉంటే అక్కడి డాక్టర్‌కి చూపించవచ్చు.